మీగడ రంగు గోడలు, తాలింపు పొగ

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాటు. పదేళ్ల తర్వాత వంటగది మార్పిస్తున్నాం. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. పడమటివైపు చిన్న యుటిలిటీ బాల్కనీ ఉంది. ఇటలీ, గ్రీసు ఇళ్ల ఫొటోలు చూసినప్పటినుంచి నాకు అలాంటి గోధుమ, మీగడ రంగుల వంటగది కావాలని కోరిక. డిజైనరు ట్రావర్టైన్ రాతి గట్టు, సున్నపు పూత గోడలు, గారతో చేసిన చిమ్నీ గూడు, తలుపుల్లేని అరలు, గుమ్మానికి కమాను గీసి ఇచ్చారు. మా అమ్మాయి ఎక్కడో ఒకచోట నీలం ఉండాలంటుంది. మా అత్తగారు మాత్రం "రోజూ తాలింపు పెట్టే ఇంట్లో తెల్ల వంటగది ఆర్నెల్లు నిలుస్తుందా?" అంటున్నారు. ఆవిడ మాటే నిజమా? - ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారు చెప్పింది నిజమే. కాకపోతే గది మొత్తానికి కాదు, అందులో మూడో వంతుకు. ఆ మూడో వంతు ఏదో తెలుసుకోవడానికి డిజైనరు అక్కర్లేదు. ఇప్పుడున్న వంటగదికి పదేళ్లు నిండాయి కదా, లెక్కంతా గోడమీదే ఉంటుంది. పాత తెల్లబట్ట ఒకటి గోరువెచ్చని నీళ్లలో తడిపి, పొయ్యి వెనకనుంచి మొదలుపెట్టి అడుగుకొకచోట గోడ తుడుచుకుంటూ పక్కకు వెళ్లండి. తర్వాత స్టూలెక్కి పైకి, లాఫ్టు దాకా. బట్టకు జిడ్డు అంటడం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. చాలా ఇళ్లలో ఆ గీత పొయ్యికి అటూ ఇటూ మూడు నాలుగు అడుగుల్లో పడుతుంది, పైన మాత్రం కప్పుదాకా పోతుంది. ఏ వంటగది పని ఒప్పుకున్నా మొదటిరోజు నేను చేసేది ఇదే. గీతకు లోపల మొండి వస్తువులు, గీత బయట మీరు ఫొటోల్లో చూసి మనసు పడ్డ సుకుమారమైన వస్తువులు. రంగు మాత్రం రెండుచోట్లా ఒకటే. మీ డిజైనరు ఇచ్చిన బొమ్మలో నాకు కనబడని సంగతి ఆ గీత ఒక్కటే.

ఆ ఫొటోల్లోని రంగు పెయింటు డబ్బాలోంచి వచ్చింది కాదు. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సులో నేలమీద పరిచే ఆరు మూలల ఎర్రమట్టి బిళ్లలను తొమెట్ అంటారు. ఆ ప్రాంతంలోనే రూసియాఁ అనే ఊరి చుట్టూ జేగురు గనులున్నాయి. ఇటలీలోని సియెనా పట్టణం పేరు ఏకంగా ఒక మట్టిరంగుకే స్థిరపడింది: ఆ మట్టి పచ్చిగా ఉంటే పసుపు కలిసిన గోధుమ, కాలిస్తే ఇటుకెరుపు. అన్నీ మట్టిలో ఉండే ఇనుము రంగులే, మన జేగురూ అంతే. గోడకు సున్నం, నేలకు కాల్చిన మట్టి, గట్టుకు దగ్గర్లో దొరికిన రాయి, కప్పుకు చెక్క దూలాలు. ఇవి పక్కపక్కన చేరితే వచ్చే రంగుల వరసనే మనం ఇప్పుడు కేటలాగులో వెతుక్కుంటున్నాం.

ఇదంతా మనకు పరాయిది కూడా కాదు. కోస్తా మండువా లోగిలి చూసినవారు పాంపే శిథిలాల్లోని రోమను ఇంటి నడిమి వాకిలిని చూస్తే ఒక్క క్షణం ఆగిపోతారు. అదే లోపలికి వాలిన కప్పు, అదే నడిమధ్య వాననీళ్లు పడే తొట్టి. గోడలో గూళ్లు, దళసరి గారగోడలు, ఎత్తైన చిన్న కిటికీ అక్కడా ఉన్నాయి, మీ అత్తగారి చిన్ననాటి వంటింట్లోనూ ఉండే ఉంటాయి, అడిగి చూడండి. తేడా వాతావరణంలోనూ తాలింపులోనూ ఉంది. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, వాన చలికాలంలో వస్తుంది. మీకు ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్క, ఆపైన సముద్రపు ఉప్పుగాలి. వాళ్లు చాలావరకు ఓవెన్‌లో కాలుస్తారు, ఆలివ్ నూనెలో సన్నని సెగమీద మగ్గబెడతారు. పొగలు కక్కే నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు వేసే పని పూటపూటా ఉండదు.

ఇక రాయి దగ్గరికి వస్తాను. ట్రావర్టైన్ అందం మీద నాకు పేచీ లేదు. రోముకు దగ్గర్లోని తివోలి గనుల రాయి అది, కొలోసియం కట్టడంలో సింహభాగం దానిదే. కాని అది సున్నపురాయి జాతి. పాలరాయి, తాండూరు బండ, కడప బండ, కోటా బండ అన్నీ ఆ జాతివే. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. మా ఇంట్లో చాలా ఏళ్ల కిందట నేనే ముచ్చటపడి పాలరాతి గట్టు వేయించుకున్నాను. మూడోరోజున పులుసు కోసం చింతపండు నానబెట్టిన గిన్నె ఎత్తి చూస్తే, దాని అడుగు ఎంత ఉందో అంత గుండ్రటి వలయం. తుడిచాను, పోలేదు. సబ్బుతో కడిగాను, పోలేదు. మరకలకు నిమ్మచెక్క మంచిదని గుర్తొచ్చి దానితో రుద్దాను. అంతకు మించిన తెలివితక్కువ పని ఇంకొకటి లేదు, వలయం చుట్టూ అరచేయంత మేర మెరుగు పోయింది. అది మరక అయితే కదా పోవడానికి! రాయి పైపొరను పులుపు కొరికేసిన గుర్తు అది, వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. మళ్లీ మెరుగు పట్టించడం తప్ప దారి లేదు. ఇటలీలోనూ నిమ్మకాయ పిండుతారు, వెనిగరు పోస్తారు. వాళ్ల పాలరాతి గట్లమీదా ఈ గుర్తులుంటాయి. వాటిని చూసి వాళ్లు గట్టుకు వయసొచ్చిందనుకుంటారు. మీ అత్తగారు అలా అనుకుంటారని నాకు నమ్మకం లేదు.

కాబట్టి పొయ్యి, సింకు ఉన్న గట్టుకు గ్రానైటే వేయించండి. గ్రానైటు అనగానే చీమకుర్తి నల్లరాయే కళ్లముందుకు వస్తుంది గాని, ఇసుక రంగులో, వేయించిన రవ్వ రంగులో, లేత గోధుమ మీద చుక్కలున్నవి బోలెడు రకాలున్నాయి. అద్దంలా మెరిసే మెరుగు వద్దు, లెదర్ ఫినిష్ అడగండి. చేతికి కాస్త ఎగుడుదిగుడుగా తగులుతుంది, దీపం వెలుగు దానిమీద మెరవదు, పరుచుకుంటుంది. అయితే లేత రంగు గ్రానైటుల్లో కొన్ని నూనె తాగుతాయి. పలక ఎంచుకునేముందు నాలుగు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క కింద రాయి నల్లబడితే దాన్ని వదిలేయండి. మరీ నచ్చితే రాతి రంధ్రాలను మూసే సీలరు పట్టించి, ఏటేటా మళ్లీ పట్టించే ఓపిక ఉంటేనే తీసుకోండి. దుకాణంలో క్వార్ట్జ్ పలకలు చూపిస్తారు, రంగు చూస్తే సరిగ్గా మీరు కోరుకున్నదే అనిపిస్తుంది. అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు. పొయ్యిమీదనుంచి దించిన మూకుడు నేరుగా దానిమీద పెడితే మచ్చ పడుతుంది. పడమటి ఎండ రోజూ తగిలే చోట ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడే అవకాశమూ ఉంది. మీ ఇంట్లో దాన్ని నేను సిఫారసు చేయను.

ట్రావర్టైన్‌ను మానుకోమనడం లేదు. గీత బయట, బాల్కనీ తలుపు పక్కన మూడడుగుల చిన్న గట్టు వేయించి దానికి పెట్టండి. పండ్లబుట్ట, రొట్టె కోసే చెక్క, సాయంత్రం కాఫీ. రంధ్రాలు పూడ్చిన పలకే తీసుకోండి, లేకపోతే పిండి అందులో చేరి రాదు. మూడడుగులకు ఖర్చూ తగ్గుతుంది, కోరికా తీరుతుంది.

గోడల విషయంలో మీ డిజైనరుది మంచి ఎంపిక, చోటు మాత్రం చూసుకోవాలి. సున్నపు పూత గోడ ఎమల్షన్ గోడలా ఒకే రంగు పలకదు. కుంచె తిరిగిన చోటల్లా ఒక్కో ఛాయ, పల్చటి మబ్బు పట్టినట్టు ఉంటుంది. పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. మొరాకోలోని మరాకేష్‌లో సున్నపు గారను గులకరాయితో రుద్ది, ఆలివ్ నూనె సబ్బు పట్టించి, నీళ్లు దిగనంత నున్నగా చేస్తారు. దాని పేరు తాదెలక్త్. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపిన గానుగ సున్నంతో మన పాత మేస్త్రీలు చేసిన గచ్చు దానికి దగ్గరి చుట్టమే.

కాని పొయ్యి దగ్గర ఇది వద్దు. ఎందుకో మీ అత్తగారినే అడగండి: పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? పారాణి అవుతుంది. కొత్త సున్నపు గోడమీద పసుపు నీళ్లు చిందితే మరక పచ్చగా కూడా ఉండదు, ఎర్రగా తేలుతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో గృహప్రవేశం నాడు పులిహోర కలుపుతూ గోడకు పారాణి పెట్టేశారు. ఇంకో సంగతి, మీ గోడలకు ఇప్పటికే పుట్టీ, దానిమీద ప్లాస్టిక్ పెయింటు ఉంటాయి. వాటిమీద సున్నం పట్టదు, కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది. సిమెంటు పూత కనబడేదాకా గోకించాలి, లేదా సున్నపు పూత కోసమే తయారైన ప్రైమరు వేయించాలి. ఈ మాట ఎస్టిమేటులో ఉందో లేదో చూసుకోండి.

గీత లోపల గోడకు మీగడ రంగు గ్లేజు టైల్సు పెట్టించండి. మొరాకోలోని ఫెజ్ నగరంలో చేత్తో చెక్కే జెలీజ్ బిళ్లలు ఒకదానిలా ఒకటి ఉండవు, ఒకటి కాస్త వంగి, ఒకటి కాస్త ముదిరి ఉంటుంది. వెలుగు వాటిమీద నీళ్లమీద పడ్డట్టు ఆడుతుంది. ఆ తీరు టైల్సు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. నిజం చెప్పాలంటే వంటింట్లో పాడయ్యేది టైలు కాదు, టైలుకూ టైలుకూ మధ్య సందు. మామూలు సిమెంటు గ్రౌటు పసుపును తాగి కూర్చుంటుంది. ఎపాక్సీ గ్రౌటు వేయించండి, అదీ తెలుపు కాదు, తడి ఇసుక రంగు. పని చేసేవారు దానికి కొంచెం సణుగుతారు, త్వరగా గట్టిపడిపోతుంది కనుక. సణగనివ్వండి.

గారతో చేసిన చిమ్నీ గూడు మొత్తం గదికే ముఖం లాంటిది, దాన్ని తీసేయవద్దు. పాత ఇళ్లలో కట్టెల పొయ్యిమీద పొగ పైకి పోవడానికి కట్టిన గూడు అది. మీ ఇంట్లో అది పైతొడుగు మాత్రమే, లోపల మామూలు ఎలక్ట్రిక్ చిమ్నీ ఉంటుంది. పొయ్యికీ చిమ్నీ అడుగుకూ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. అందంకోసం తొడుగును ఇంకా పైకి జరిపితే పొగ పక్కనుంచి జారుకుంటుంది. ఆరంగుళాల గొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు ఒకటి రెండుకు మించకుండా బాల్కనీలోకి పోవాలి. నాలుగు వంపులు తిప్పితే ఎంత బలమైన మోటారైనా హోరెత్తడం తప్ప లాగదు. గొట్టానికి రంధ్రం చేయాల్సిన చోట దూలం గాని స్తంభం గాని ఉంటే ఆ ఆలోచనే మానుకోండి. తొడుగు లోపలి అంచు ఒక జానెడు మేర గార కాకుండా స్టీలు పెట్టించండి, జిడ్డు బొట్టుబొట్టుగా దిగేది అక్కడే. ముందు పలక ఊడదీయడానికి వీలుగా ఉండాలి. లేకపోతే చిమ్నీ బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు మొదటి దెబ్బ గారమీదే వేస్తాడు.

ఇప్పుడు రంగులు. డబ్బాలమీది పేర్లు మరిచిపోండి, మన వంటింట్లోనే ఉన్నాయి పేర్లు. గోడలకు మీగడ. కింది అరల తలుపులకు గోధుమపిండి, లేదా ఇంకాస్త ముదురుగా వేయించిన పెసరపప్పు. నేలకు బెల్లం. ఒకే రంగును గోడకూ అరకూ నేలకూ పూస్తే గది ఆసుపత్రిలా తయారవుతుంది. ఈ మూడు మెట్లూ ఉంటేనే కంటికి ఒక ఆసరా దొరుకుతుంది. మీది పడమటి వెలుగు, మధ్యాహ్నం దాటాక అదే నారింజ రంగు మోసుకొస్తుంది. అందుకని పసుపు ఎక్కువున్న మీగడ తీసుకుంటే నాలుగింటికల్లా గోడలు మామిడిరసం పూసినట్టు అవుతాయి. కొంచెం బూడిదవైపు మొగ్గిన ఇసుక ఛాయ మీకు సరిపోతుంది. ఉత్తరం కిటికీ ఉన్నవారికైతే ఇదే సలహా తిరగేసి చెప్తాను. నమూనా ముక్క పక్కన తెల్లకాగితం పెట్టి చూడండి, అది గులాబీకి మొగ్గిందా, ఆకుపచ్చకు మొగ్గిందా అప్పుడే బయటపడుతుంది. విడిగా చూస్తే అన్నీ మీగడలాగే ఉంటాయి.

వీటన్నిటికంటే ముందు మార్చాల్సింది, అన్నిటికంటే చవకైనది, దీపం. ఒకరి ఇంట్లో ఎంతో శ్రమపడి ఈ రంగులన్నీ కుదిర్చాం. పని అయ్యాక వెళ్లి చూస్తే కప్పులో 6500 కెల్విన్ తెల్లదీపాలు నాలుగు బిగించి ఉన్నాయి (ఈ కెల్విన్ అంకె ఎంత ఎక్కువైతే వెలుగు అంత నీలితెలుపు, ఎంత తక్కువైతే అంత పసుపు). గోడలు పాలిపోయిన ముఖంలా ఉన్నాయి, గ్రానైటు సిమెంటులా ఉంది. ఇంటావిడ రంగు తప్పిందనుకుని మళ్లీ పెయింటరును పిలవబోతున్నారు. దీపాలు 3000 కెల్విన్‌వి మార్చాం, అంతే. మీరు 2700 నుంచి 3000 మధ్య తీసుకోండి. పెట్టెమీద సీఆర్‌ఐ, అంటే దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 లేదా అంతకు పైన ఉందో లేదో చూడండి. అది తక్కువైతే తోటకూర, టమాటా కూడా వాడినట్టు కనిపిస్తాయి. కప్పుకు దీపాలు తగ్గించి, పై అరల అడుగున గట్టుమీద పడేలా పెట్టించండి. కూర తరిగేటప్పుడు మన నీడ మన చేతులమీదే పడకుండా ఉంటుంది.

నేలకు అసలైన ఎర్రమట్టి బిళ్లలు ఉక్కలో, నూనెలో చాకిరీ ఎక్కువ. బెల్లం రంగు మ్యాట్ పోర్సెలిన్ టైలు చాలు, తడిలో కాలు జారని రకం. పసుపు తాండూరు కూడా నాకు ఇష్టమే, కాని అదీ సున్నపురాయే అన్న సంగతి పనిమనిషికి చెప్పి ఉంచాలి. బాత్రూమ్ యాసిడ్ ఒక్కసారి పడిందా, తెల్లగా పేలిపోతుంది.

తలుపుల్లేని అరలు గీత బయట రెండంటే రెండు. పది అంగుళాల లోతు చాలు. రోజూ తీసి వాడి కడిగేవి మాత్రమే అక్కడ ఉండాలి. అలాంటివాటికి దుమ్ము పట్టే తీరిక ఉండదు. మీ ఇంట్లో ఆవకాయ జాడీలు ఉంటాయి కదా, పైన గోధుమ, కింద మీగడ రంగు పింగాణీవి. వాటిని అటకమీదనుంచి దించి ఆ అరలో పెట్టండి. డిజైనరు తెప్పిస్తానన్న ఇటలీ మట్టికుండలకంటే అవే ఈ గదికి నప్పుతాయి. ఇనుప కమ్మీకి గిన్నెలు వేలాడదీసే ఏర్పాటు సముద్రం పక్కన వద్దు, తుప్పు కారుతుంది. ఇత్తడి పెట్టండి. అదీ నల్లబడుతుంది గాని, పాలరాతిని పాడుచేసిన ఆ చింతపండే ఇత్తడిని తళతళలాడిస్తుంది.

సొరుగు పిడులకు మీకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. లక్క బొమ్మలు చేసే చేతులు అంకుడు కర్రతో పిడులు కూడా తిప్పి ఇవ్వగలవు, ఆకుల, గింజల రంగులతో. లక్క వేడికి మెత్తబడుతుంది కనుక పొయ్యి కింది సొరుగుకు మాత్రం ఇత్తడి పిడి. ప్రొవాన్సు పల్లె ఇళ్లలో సింకు కింద తలుపు బదులు నూలుగుడ్డ తెర కడతారు. మీరు పొందూరు ఖద్దరు కట్టండి, చలవ చేయని దాని సహజమైన రంగే మీరు వెతుకుతున్న మీగడ. సింకు కింద గాలి ఆడితే చెక్కకూ మంచిది. గ్యాసు సిలిండరు దగ్గర మాత్రం తెర వద్దు. సిలిండరును గాలాడని అరలో బంధించనూ వద్దు, గ్యాసు గాలికంటే బరువు, లీకయితే అడుగునే పేరుకుంటుంది. అర అడుగున రంధ్రాలుండాలి.

కమాను సంగతి క్లుప్తంగా: గోడ కొట్టి చేయవద్దు, ఫ్లాటులో అది మీ ఒక్కరి గోడ కాదు. జిప్సం బోర్డుతో చేసే కమాను కూడా ఎనిమిదడుగుల గదిలో గుమ్మాన్ని పొట్టిగా చూపిస్తుంది. దానికయ్యే డబ్బు దీపాలకు పెట్టండి.

మీ అమ్మాయి నీలానికి చోటుంది. గ్రీకు దీవుల్లో నీలం వేసేది ఎక్కువగా తలుపులకూ కిటికీలకూ, వెనక తెల్ల గోడ ఉంటుంది. బాల్కనీ తలుపు ఆ అమ్మాయికి వదిలేయండి. మీగడ గోడలో ఒక్క నీలి తలుపు, దాని అవతల మీకు ఆకాశం ఎలాగూ ఉంది. ఏ నీలమో ఎంచుకునే హక్కు కూడా ఆ అమ్మాయిదే, కుంచె కూడా.

సంతకం పెట్టేముందు డిజైనరు చేత రెండు గీతలు గీయించుకోండి, జిడ్డు గీత ఒకటి, చిమ్నీ గొట్టం పోయే దారి రెండోది. రంగు నమూనాలు చిన్న కాగితంమీద కాకుండా గోడమీదే రెండడుగుల చదరాలుగా వేయించండి, పొయ్యి పక్కన ఒకటి, బాల్కనీ పక్కన ఒకటి. కనీసం వారం ఉంచి పొద్దున, సాయంత్రం, దీపం వెలుగులో చూడండి. ఆ వారంలో ఒకరోజు చేపల వేపుడు కూడా చేయండి, మర్నాడు చదరాలను తుడిచి చూసే పని మీ అత్తగారికి అప్పగించండి.